హుగ్లీ మీద పది సెకన్లు

మధ్యాహ్నం రెండున్నరకి టిఫిన్ డబ్బా తెరిచిన సమీర, ఎదుట తెర మీద గీతను చూసి మళ్లీ మూత పెట్టేసింది. పొద్దుట సన్నగా, తిన్నగా సాగిన ఆకుపచ్చ గీత ఇప్పుడు రంపపు పళ్లలా ఎగిరెగిరి పడుతోంది.

ఏక్‌బాల్‌పూర్ దాటి హుగ్లీ నది ఒడ్డుకు వస్తే ఒక పాత గోదాము ఉంది. దాని మూడో అంతస్తులో కిటికీ నదివైపు తెరుచుకునే గది ఆమెది. గది పైన, డాబా మీద, దుర్భిణిలాంటి పెట్టె ఒకటి బిగించి ఉంది. అది కంటికి కనబడని లేజర్ వెలుగును పదకొండు వందల మీటర్ల అవతల, హౌరా ఒడ్డున ఉన్న క్రేన్ మీదికి విసురుతుంది. అక్కడ అలాంటి పెట్టే ఇంకొకటి ఆ వెలుగును అందుకుని తిరుగు వెలుగు పంపుతుంది. అది ఎంత నిలకడగా అందుతోందో తెర మీది గీత చూపిస్తుంది. ఆ క్రేన్ కేబిన్‌లో మనిషి ఉండడు. క్రేన్‌కు తగిలించిన అయిదు కెమెరాల బొమ్మలూ నది దాటి ఈ గదిలోకి వస్తాయి. ఇక్కడ కుర్చీలో కూర్చుని రెండు పిడులు కదిపితే, ఆ ఆజ్ఞలు అదే వెలుగు మీద తిరిగి వెళ్లి అవతల ఇనుప చెయ్యిని తిప్పుతాయి.

ఆ కుర్చీలో కూర్చునేది అశోక్‌కుమార్. ఇరవై ఆరేళ్లు క్రేన్ నిచ్చెనలు ఎక్కి ఎక్కి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చాడట. ఇతను పుట్టింది, పెరిగింది ఇక్కడే. సమీర తండ్రి బ్యాంకు ఆఫీసరుగా ఈ ఊరు బదిలీ అయి ఇక్కడే ఉండిపోయాడు. ఇద్దరికీ తెలుగు ఇంటి భాషే గాని అతని తెలుగు వేరు, ఆమెది వేరు. అందరిలాగే ఆమె కూడా అతన్ని, బెంగాలీలో అన్నా అన్నట్టు, అశోక్‌దా అనేది.

"గీత బాలేదు అశోక్‌దా," అంది సమీర.

అతను తల తిప్పకుండా, "నాకూ తెలుస్తంది. పిడి తిప్పినాక అర క్షణం ఆగి కదులుతంది. పొద్దున్న ఇలా నేదు," అన్నాడు.

మూడు నెలల ట్రయల్‌లో సమీర ఈ నదిని బాగానే చదివింది. జనవరి పొగమంచులో వెలుగు పూర్తిగా చచ్చిపోయేది. అయితే మంచు అందరికీ కనబడుతుంది, అందుకే పని ఆపుతానంటే ఎవరూ వాదించేవారు కాదు. చిక్కంతా ఇలాంటి రోజులతోనే. ఆకాశం తేటగా ఉంటుంది, అవతలి ఒడ్డు అద్దంలో ఉన్నట్టు కనబడుతుంది. కాని గోదాముల రేకుల మీద కాగిన గాలి నీటి మీది చల్లగాలితో కలిసి సుళ్లు తిరుగుతూ ఉంటుంది. ఒక్కో సుడీ ఒక వంకర అద్దంలా వెలుగును కాస్త అటూ ఇటూ విరుస్తుంది. చుక్కలు మినుకుమన్నట్టే లేజరూ మినుకుమంటుంది. పదో వంతు సెకను మించి వెలుగు తెగితే క్రేన్ తనంతట తాను బ్రేకులు వేసుకుని నిలబడిపోతుంది. మళ్లీ కదలాలంటే పది సెకన్లపాటు లింకు ఒక్కసారి కూడా తెగకూడదు. భద్రత కోసం అలా చేశారు. రెండో దారిగా పెట్టాల్సిన రేడియోకు అనుమతి కాగితం ఇంకా రాలేదు.

మినుకు ఇంత దాటితే బరువు ఎత్తకూడదని ఒక హద్దు పెట్టమని సమీర రెండుసార్లు మెయిల్ రాసింది. హైదరాబాద్ నుంచి వచ్చిన మేనేజర్ జయదేవ్ రెండుసార్లూ ఒకే జవాబు ఇచ్చాడు. ట్రయల్ అయ్యాక కూర్చుని మాట్లాడదామని.

ఆ రోజు జయదేవ్ గదిలోనే ఉన్నాడు. ఆయన వెనక, ఈ యంత్రాన్ని కొనాలా వద్దా అని చూడవచ్చిన నలుగురు అతిథులు ఉన్నారు. పొద్దుటి నుంచి ఆరు బరువులు పడవలోంచి జెట్టీ మీదికి చక్కగా దిగాయి. ఇక మిగిలింది ఒక్కటే. చెక్క పెట్టెలో బిగించిన ఇరవై రెండు టన్నుల జనరేటర్.

సమీర లేచి వెళ్లి ఆయన పక్కన నిలబడి తగ్గు గొంతుతో చెప్పింది. "సర్, మినుకు నిమిషానికి నలభై దాటింది. నేను రాసిన హద్దు ఇరవై అయిదు. ఇది రేపు పొద్దున్న దించుదాం."

"ఇప్పటిదాకా ఒక్కసారన్నా ఆగిందా?"

"ఆగలేదు. కాని ఇంకా పెరుగుతోంది. సాయంత్రం గాలివాన రావచ్చని ఫోన్లో హెచ్చరిక కూడా వచ్చింది."

జయదేవ్ కిటికీలోంచి చూశాడు. ఎండ కాస్తోంది. నది మీద ఫెర్రీ ఒకటి నింపాదిగా వెళుతోంది. "సాయంత్రం కదా సమీరా. ఇది పావుగంట పని. ఏం కాదు, కానీయ్."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. బల్ల కుడి మూలన ఎర్ర బటన్ ఉంది. అది నొక్కితే క్రేన్ బరువు ఎత్తదు. ఆమె చెయ్యి దానిమీదికి వెళ్లింది. అతిథుల్లో ఒకాయన ఏదో అడిగాడు, జయదేవ్ నవ్వుతూ జవాబు చెప్పాడు. సమీర చెయ్యి వెనక్కి తీసుకుంది.

మూడు గంటల అయిదు నిమిషాలకి వాకీటాకీలో వెంకటేశు గొంతు వినిపించింది. ఆయన అవతలి ఒడ్డున కళాసీల మేస్త్రీ. బరువులకు ఉక్కు తాళ్ల స్లింగులు కట్టి, కొక్కేనికి తగిలించి, గైడు తాడు పట్టి దారి చూపే జట్టుకు పెద్ద. ఇద్దరు మనుషులతో పడవ అడుగున, జనరేటర్ పక్కనే ఉన్నాడు.

"కట్టీసినాం తమ్ముడూ. నెమ్మదిగా ఎత్తు."

"ఎత్తుతన్నాను అన్నా," అన్నాడు అశోక్‌కుమార్.

పెట్టె పడవ అడుగు వదిలి లేచింది. ఒక మీటరు. రెండు. మూడు. అప్పుడు సమీర తెర మీద గీత ఒక్కసారిగా అడుగుకు పడిపోయింది. అయిదు కెమెరాల బొమ్మలూ గడ్డకట్టాయి. క్రేన్ ఆగింది.

"లింకు తెగింది," అంది సమీర. "పది సెకన్లు ఆగాలి."

ఆరో సెకను దగ్గర మళ్లీ తెగింది. మళ్లీ ఒకటి నుంచి లెక్క. నాలుగు దగ్గర తెగింది. మళ్లీ ఒకటి.

కిటికీలోంచి చూసిన సమీరకు కారణం అర్థమైంది. వాయవ్యాన, హౌరా మిద్దెల వెనక ఆకాశం సిరా ఒలికినట్టు నల్లబడింది. ఆ నలుపు కింద ఇటుకరంగు ధూళి గోడలా లేచి వస్తోంది. రెండు గంటలు ముందుగానే వచ్చేస్తోంది కాలబైశాఖి. ఏటా చైత్ర వైశాఖాల్లో ఈ ఊరి మీద విరుచుకుపడే గాలివాన.

"అన్నా, పైన ఆగిపోయింది. మీరు బయటికి ఎల్లిపోండి," అన్నాడు అశోక్‌కుమార్ వాకీటాకీలో.

"ఎలాగెల్తాం? నిచ్చెన ఆ పక్కనుంది. పెట్టె దాని ముందే ఊగుతంది. మేం ముగ్గురం ఈ మూల నొక్కుకుని ఉన్నాం."

జయదేవ్ ముందుకు వచ్చాడు. "ఎవరినైనా కేబిన్ ఎక్కమనండి. లోపల తాళం తిప్పితే చేత్తో నడపొచ్చు కదా."

"ఎవరెక్కుతారు సార్?" అశోక్‌కుమార్ మొదటిసారి గొంతు పెంచాడు. "నడపడం తెలిసినోడ్ని నేను. నేను ఈ ఒడ్డున ఉన్నాను. ముప్పై మీటర్ల ఇనుప నిచ్చెన, పైన పిడుగులు. ఎక్కినోడు దిగుతాడా?"

అతను సమీర వైపు తిరిగాడు. "అమ్మా, ఇంకోటుంది. గాలొచ్చే ముందు క్రేన్ చెయ్యిని గాలికి ఒగ్గీయాలి. గాలెటు తోస్తే అటు తిరిగిపోవాల. ఇప్పుడు బ్రేకేసి ఉంది. అడ్డంగా గాలి కొట్టిందంటే బరువుతో సహా పడవ మీదికే ఒరిగిపోద్ది."

"ఎంత సేపుంది?"

అతను కిటికీలోంచి ధూళి గోడను కొలిచినట్టు చూశాడు. "నాలుగు నిమిషాలు. అయిదేమో."

సమీర ఆలోచన వింతగా నిలకడగా నడిచింది. వెలుగు పూర్తిగా చావలేదు. బలహీనపడింది, అంతే. కెమెరాల బొమ్మలు మోయడానికి ఆ వెలుగు సెకనుకు వంద కోట్ల సార్లు వెలిగి ఆరాలి. క్రేన్‌కు ఇచ్చే ఆజ్ఞలకు అంత వేగం అక్కర్లేదు. హోరుగాలిలో మనిషి గబగబా మాట్లాడితే వినబడదు, ఒక్కో మాటా సాగదీసి అరిస్తే వినబడుతుంది. లింకునూ అలాగే నెమ్మది చేస్తే, మసక వెలుగులోనూ అవతలి పెట్టె దాన్ని చదవగలదు.

"అశోక్‌దా, కెమెరాలు తీసేస్తాను. బొమ్మ ఒక్కటీ రాదు. ఆజ్ఞలు మాత్రం వెళతాయి. చూడకుండా దించగలవా?"

అతను ఒక్క క్షణం తెరల వైపు చూశాడు. "వెంకటేశన్న చెప్తే దించుతాను."

"సమీరా, కళ్లు మూసుకుని ఇరవై రెండు టన్నులు..." అన్నాడు జయదేవ్.

"సర్, తప్పుకోండి."

ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని ఆమెకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

వేగం తగ్గించే మార్పు రెండు ఒడ్డుల్లోనూ జరగాలి. ముందు అవతలి పెట్టెకు చెప్పాలి. అదీ ఈ తెగిపోతున్న వెలుగు మీదనే. ఆ మాట అవతలికి అందకముందే ఇక్కడ మార్చేసినా, సగమే చేరి అవతలి పెట్టె గందరగోళపడినా, రెండు పెట్టెలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. ఇక అంతే. సమీర ఆజ్ఞ టైపు చేసి, వేలు ఎంటర్ మీద పెట్టి గీతను చూస్తూ కూర్చుంది. గీత పడింది. లేచింది. మళ్లీ పడింది. లేచి ఒక రెప్పపాటు నిలబడగానే నొక్కింది.

తెర మీద ఏమీ లేదు. ఒక సెకను. రెండు. అప్పుడు అవతలి నుంచి ఒక్క వాక్యం వచ్చింది. అందింది, మారుతున్నాను అని. ఆమె ఇటువైపు కూడా మార్చింది. అయిదు కెమెరాల తెరలూ నల్లగా అయిపోయాయి. ఆకుపచ్చ గీత లింకు తెగే మట్టానికి పైన, వణుకుతూ, నిలబడింది.

"ఒకటి... రెండు..." అని లెక్కపెట్టింది సమీర. ఏడు దగ్గర గీత జారింది. లెక్క పోయింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. మళ్లీ ఒకటి. అశోక్‌కుమార్ పిడుల మీద చేతులు పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఎనిమిది. తొమ్మిది. పది.

"వచ్చింది!"

"అన్నా, నాకు ఏటీ కనబడదు. నువ్వే కళ్లు. చెప్పు," అన్నాడు అశోక్‌కుమార్.

వాకీటాకీలో గాలి హోరు, దాని వెనక వెంకటేశు గొంతు. "దించు. దించు. నెమ్మది... ఆగు! పడవ లేస్తంది. కెరటం ఎల్లిపోనీ." మళ్లీ హోరు. "ఇప్పుడు దించు. ఇంకో మీటరు. పెట్టె తిరిగిపోతంది, తాడు లాగుతన్నాం. దించు తమ్ముడూ, బేగి దించు."

సమీర ప్రతి రెండు సెకన్లకూ "ఉంది, ఉంది" అంటూనే ఉంది. అశోక్‌కుమార్ అది వింటున్నాడో లేదో ఆమెకు తెలియదు. గీత తెగే మట్టాన్ని తాకి లేస్తోంది. అవతలి ఒడ్డు మిద్దెలు ఒక్కొక్కటే ధూళిలో మునిగిపోతున్నాయి.

వాకీటాకీలో చెక్క విరిగిన చప్పుడు, ఎవరిదో అరుపు.

"అన్నా! ఏటయింది?"

జవాబు లేదు. అశోక్‌కుమార్ పిడి కదపలేదు. అతని చెంప మీద నరం కొట్టుకోవడం సమీరకు కనబడింది.

"దించు," అంది వెంకటేశు గొంతు, బిగబట్టినట్టు. "అరమీటరు. ఇంకొంచెం. కూకుంది. స్లింగు వదులు చెయ్. ఇంకా. ఆఁ... కొక్కెం తీసీసినాం. ఎత్తీ!"

ఖాళీ కొక్కెం పైకి లేచింది. అశోక్‌కుమార్ ఎడమ పక్క బటన్ మూడు సెకన్లు నొక్కిపట్టాడు. క్రేన్ చెయ్యిని గాలికి వదిలే ఆజ్ఞ అది. ఒక్కసారి అందితే చాలు, తర్వాత లింకు పోయినా ఫరవాలేదు. అందినట్టు అవతలి నుంచి జవాబు వచ్చింది. ఆ వెంటనే గాలి ఈ ఒడ్డును కొట్టింది. దాని వెనకే వాన గోడలా వచ్చి పడింది. గీత అడుగుకు పడిపోయి మరి లేవలేదు.

ఇరవై నిమిషాలపాటు నది కనబడలేదు. వాకీటాకీలో మాత్రం ఒక మాట తెగి తెగి వచ్చింది. "ముగ్గురం పైకొచ్చీసినాం. నా ఎడం చెయ్యి పోనాదిరా తమ్ముడూ. పెట్టెకీ పడవ గోడకీ మధ్యన పడింది."

అశోక్‌కుమార్ వాకీటాకీ బల్ల మీద పెట్టి రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

నాలుగో రోజు న్యూ టౌన్‌లో ఆఫీసు వాళ్లు విచారణ పెట్టారు. లోపలికి వెళ్లే ముందు వరండాలో జయదేవ్ ఆమెను ఆపాడు. ఆయన కూడా సరిగా నిద్రపోయినట్టు లేడు.

"గాలివాన అనుకోకుండా తొందరగా వచ్చిందని చెబుదాం సమీరా. అది అబద్ధం కాదు కదా."

"గాలివాన మూడు పదికి వచ్చింది సర్. గీత రెండున్నరకే చెప్పింది."

ఆయన తలుపు తీసి పక్కకు జరిగాడు.

విచారణకు పెద్ద లలితాంబ. భద్రతా విభాగంలో తల నెరిసిన మనిషి. మెయిళ్లు రెండూ, రెండున్నర నుంచి మూడుంబావు దాకా గీత ప్రింటూ ఆమె ముందు ఉన్నాయి. అన్నీ విన్నాక కళ్లజోడు తీసి అడిగింది.

"మీ బల్ల మీద ఆపే బటన్ ఉంది కదా. చేతికి అందేంత దూరంలోనే ఉందా?"

"ఉందండి."

"మరి ఎందుకు నొక్కలేదు?"

ఆ ప్రశ్న వస్తుందని సమీరకు నాలుగు రోజులుగా తెలుసు. జవాబు కూడా తయారు చేసుకుంది. తీరా నోరు తెరిస్తే ఆ తయారైన మాటలు రాలేదు. "చెయ్యి దాని మీద పెట్టానండి. అతిథుల ముందు నొక్కితే, ఆ తర్వాత ఏమీ జరక్కపోతే, నన్ను చూసి నవ్వుతారేమో అనిపించింది. తీసేశాను. ఆయన కానీయమన్నది నిజమే. కాని నొక్కనిది నేను."

లలితాంబ కాగితం మీద ఏదో రాసుకుంది. కాసేపటికి, ఎవరూ అడగకుండానే, జయదేవ్ బల్ల వైపు చూస్తూ అన్నాడు. "ఆమె నాకు రెండుసార్లు రాసింది. ఆ రోజు నోటితో కూడా చెప్పింది. నేను పట్టించుకోలేదు."

ఆ ఆదివారం సమీర హౌరా వైపు టికియాపారా వెళ్లింది. రైలు పట్టాల పక్క సందులో, రెండు గదుల ఇంట్లో, వెంకటేశు మోచేతి దాకా కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు ఎముకలు విరిగాయి. చిటికెన వేలు మళ్లీ వంగదని డాక్టర్ చెప్పాడట. ఆయన భార్య సుందరి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

సమీర బటన్ సంగతి ఆయనకూ చెప్పింది. ఆయన వింటూ కట్టు మీద ఊడిన దారం లాగుతూ ఉన్నాడు.

"నొక్కాల్సిందే తల్లీ," అన్నాడు చివరికి. "కింద మేం ఉన్నాం కదా."

"అవును బాబాయ్."

"ఆళ్లు నవ్వితే నవ్వనీ. నవ్వుకి చెయ్యిరిగిపోదు." అందులో కోపం లేదు, క్షమించడమూ లేదు. ఉన్న మాట అన్నట్టు అన్నాడు. సుందరి గ్లాసు సమీర చేతిలో పెట్టి, "తాగమ్మా, చల్లారిపోద్ది," అంది. సమీర తల వంచుకుని తాగింది. కళ్లు మండాయి గాని ఏడవలేదు. ఇక్కడ తను ఏడిస్తే ఓదార్చాల్సింది వీళ్లే అవుతారని తోచింది.

రెండు నెలలు క్రేన్ ఆగింది. రేడియో వచ్చాక, హద్దు కాగితం మీద రాసి సంతకాలు అయ్యాక మళ్లీ మొదలుపెట్టారు. మినుకు ఇరవై అయిదు దాటితే సమీర ఎవరినీ అడగనక్కర్లేదని అందులో రాశారు. జయదేవ్ అప్పటికి హైదరాబాద్ వెళ్లిపోయాడు.

వానలు వెనకపట్టిన సెప్టెంబరులో ఒక పదకొండు గంటల వేళ, ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. అవతలి ఒడ్డున ఆరేసిన బట్టల రంగులు కూడా కిటికీలోంచి తెలుస్తున్నాయి. గీత పక్కన మినుకు లెక్క ఇరవై ఏడు చూపించింది. సమీర ఎర్ర బటన్ నొక్కింది.

జెట్టీ నుంచి అక్కడి మేనేజర్ రఘురాం వెంటనే ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఎందుకాపారు? పడవ నిలబడి ఉంది. ఇంత తేటగా ఉంటే ఇంకేం కావాలి మీకు?"

"గాలి బాగాలేదండి."

"గాలా? ఆకు కదలడం లేదు ఇక్కడ!"

"తెలుసండి. తగ్గగానే చెబుతాను."

అతను చాలాసేపు అరిచాడు. సమీర ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అంతా విని, మళ్లీ అదే మాట చెప్పి పెట్టేసింది. అశోక్‌కుమార్ పిడుల మీంచి చేతులు తీసి, కుర్చీ వెనక్కి వాల్చి, "ఠిక్ ఆఛే," అని, సరేనన్నట్టు తల ఊపి కళ్లు మూసుకున్నాడు.

వాకీటాకీ గరగరలాడింది. వెంకటేశు. తిరిగి పనిలో చేరి వారం కాలేదు.

"ఆపీసినావేటి తల్లీ?"

"ఆపేశాను బాబాయ్. గంట పట్టొచ్చు. ఎక్కువే పట్టొచ్చు."

"అయితే మేం కూడు తినీసి వస్తాం," అన్నాడాయన. పడవ నిచ్చెన మీద కళాసీలు ఒక్కొక్కరే పైకి వస్తున్న అడుగుల చప్పుడు వాకీటాకీలో వినిపించింది. సమీర వాళ్లను లెక్కపెట్టుకుంటూ గీత వైపు తిరిగింది.